బతుకమ్మ నుంచి సంక్రాంతి దాకా ఇంటి తీపి

వానలు వెనకబడ్డాయి. చేలో నువ్వు కోసారు. వేరుశనగ పీకారు. చెరకు గానుగలు మొదలవుతాయి. పుష్యమాసం వచ్చేసరికి కొత్త ధాన్యం ఇంటికి చేరుతుంది. ఈ మూడు నాలుగు నెలల్లోనే పండగలన్నీ వరసగా వస్తాయి. బతుకమ్మ, దసరా, అట్లతద్ది, దీపావళి, నాగులచవితి, క్రిస్మస్, సంక్రాంతి.

ఈ పండగల తీపి ఏమిటో ఒకసారి చూడండి. నువ్వులు, పల్లీలు, బియ్యప్పిండి, బెల్లం. అంటే చేలో పండినదే పళ్ళెంలోకి వచ్చింది. చలికాలంలో నువ్వులూ బెల్లమూ తినాలని పెద్దవాళ్ళు అంటారు. ఆ రోజుల్లోనే అవి కొత్తగా చేతికి వస్తాయి. ఊరి అంగడిలో చవగ్గా దొరికేదీ అప్పుడే.

ఇప్పుడు చాలా ఇళ్ళల్లో పండగ తీపి కొట్టు నుంచి వస్తోంది. చేతిలో డబ్బు లేకపోతే అరువు మీద వస్తోంది. చేసుకోవడం కష్టం అనుకోవడమే దీనికి ఒక కారణం. అన్నీ కష్టం కాదు. కొన్నిటికి పొయ్యి కూడా వెలిగించక్కర్లేదు.

పొయ్యి లేకుండా

నాగులచవితి కార్తీక మాసంలో వస్తుంది. ఆ రోజు పుట్ట దగ్గరికి చిమ్మిలి, చలిమిడి తీసుకుపోతారు. రెండూ పొయ్యి ఎక్కించనివే.

చిమ్మిలి చెయ్యాలంటే నువ్వులు బాగా కడగాలి. ఇసుక అడుగున ఉండిపోతుంది. నువ్వులు పైపైన దేవి తీసి గుడ్డ మీద ఆరబెట్టాలి. ఆరాక రోట్లో వేసి దంచాలి. కాస్త నలిగాక తరిగిన బెల్లం వేసి మళ్ళీ దంచాలి. రెండు గ్లాసుల నువ్వులకు గ్లాసున్నర బెల్లం సరిపోతుంది. నువ్వుల్లో ఉన్న నూనే ముద్ద కట్టిస్తుంది. నీళ్ళు పోయకూడదు, నెయ్యి అవసరం లేదు. మిక్సీలో అయితే ఆపి ఆపి తిప్పాలి. ఒకే ఊపున తిప్పితే నూనె బయటికొచ్చి జిడ్డుగా అవుతుంది. నువ్వులు దోరగా వేయించి దంచితే ఇంకా కమ్మగా ఉంటుంది, ఎక్కువ రోజులు ఆగుతుంది కూడా.

చలిమిడికి బియ్యం నాలుగైదు గంటలు నానాలి. నీళ్ళు వార్చి, తడి మీదనే దంచి పిండి చెయ్యాలి. తడిపిండిలో బెల్లం తురుము కలిపి పిసికితే బెల్లం కరిగి ముద్ద అవుతుంది. కొంచెం నెయ్యి, ఏలకుల పొడి, నాలుగు కొబ్బరి ముక్కలు వేస్తారు. ఇది పచ్చిది. నిలవ ఉండదు. ఆ రోజే తినెయ్యాలి.

తెలంగాణలో బతుకమ్మ భాద్రపద అమావాస్య నాడు మొదలవుతుంది. తొమ్మిది రోజుల ఆట. 2014లో దీన్ని తెలంగాణ రాష్ట్ర పండుగ చేశారు. ఒక్కో రోజుకు ఒక్కో ప్రసాదం. అటుకుల బతుకమ్మ నాడు అటుకులూ బెల్లం. వెన్నముద్దల నాడు నువ్వులు, వెన్న, బెల్లం. అలిగిన బతుకమ్మ నాడు ఏమీ వండరు. చివరి రోజు సద్దుల బతుకమ్మ. ఆ రోజు చెరువు కాడ ఆడవాళ్ళు సత్తుపిండి, మలీద పంచుకుంటారు.

సత్తు చెయ్యడం తేలిక. పల్లీలు వేయించి, పొట్టు తీసి, చక్కెరతో కలిపి పొడి కొట్టడమే. నువ్వులతోనూ పుట్నాలతోనూ ఇలాగే చేస్తారు. మలీదకు జొన్నరొట్టె గాని గోధుమరొట్టె గాని వేడివేడిగా ఉన్నప్పుడే తుంచి, బెల్లంతో కలిపి దంచాలి. రొట్టె వేడికి బెల్లం కరుగుతుంది. కొంచెం నెయ్యి వేసి ముద్దలు చేసుకోవాలి. చల్లారిన రొట్టెతో చేస్తే ముద్ద కట్టదు, పొడిపొడిగా రాలిపోతుంది. రొట్టెలు ఎలాగూ చేసే ఇంట్లో మలీదకు అదనపు ఖర్చు బెల్లమే.

పాకం సంగతి

ఇక పాకం. పండగ తీపి చెడిందంటే పదింట తొమ్మిదిసార్లు పాకం దగ్గరే చెడుతుంది. అరిసె విచ్చిపోయిందన్నా, ఉండ రాయిలా అయిందన్నా తప్పు పాకానిదే. పాకం చూడటం అత్తగారికే వస్తుంది, కొత్త కోడలికి రాదు అంటారు. అదేమీ చేతి మహిమ కాదు. లోపల ఏం జరుగుతోందో తెలిస్తే ఎవరికైనా వస్తుంది.

బెల్లంలో కొంచెం నీళ్ళు పోసి పొయ్యి మీద పెడతాం. బెల్లం కరుగుతుంది. కరగగానే ఒకసారి వడకట్టాలి. ఇసుక, పుల్లలు, పీచు అన్నీ పోతాయి. మళ్ళీ పొయ్యి మీద పెడితే మరుగుతుంది. మరిగే కొద్దీ నీళ్ళు ఆవిరై పోతాయి. నీళ్ళు తగ్గే కొద్దీ పాకం చిక్కబడుతుంది, వేడి కూడా పెరుగుతుంది. ఉత్త నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఎంతసేపు మరిగినా ఆ వేడి దాటదు. పాకం అలా కాదు. ఉండ కట్టే సమయానికి సుమారు 115 డిగ్రీలకు చేరుతుంది. ఇంకా మరిగితే ఇంకా పెరుగుతుంది. అంటే పాకంలో ఎన్ని నీళ్ళు మిగిలాయో అదే దాని ముదురు. మిగిలిన నీళ్ళు ఎక్కువైతే లేత పాకం. తక్కువైతే ముదురు పాకం.

మన ఇళ్ళల్లో వేడి కొలిచే పరికరం ఉండదు. దాని బదులు ఒక గిన్నెలో చల్లటి నీళ్ళు పెట్టుకుంటే చాలు. పాకం ఒక చుక్క అందులో వెయ్యాలి. చుక్క నీళ్ళల్లో కరిగిపోతే ఇంకా కాలేదు. వేళ్ళ మధ్య పెట్టి లాగితే తీగ సాగితే తీగపాకం. నీళ్ళల్లో వేసిన చుక్కను వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తని ఉండలా అయితే అది ఉండపాకం. అరిసెలకు, నువ్వుల ఉండలకు ఇదే కావాలి. ఆ ఉండ గట్టిపడి, పళ్ళెం మీద కొడితే టంగుమని మోగితే ముదురు పాకం. అది పల్లీపట్టీకి.

ఉండపాకం నుంచి ముదురు పాకానికి ఎక్కువసేపు పట్టదు. అందుకే చుక్క వేసి చూసేటప్పుడు పొయ్యి మంట తగ్గించాలి. చాలామంది మంట అలాగే ఉంచి చూస్తారు. చూసి వచ్చేసరికి పాకం దాటిపోతుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. పాకం మరిగే నీళ్ళకంటే ప్రమాదం. వేడి ఎక్కువ, పైగా ఒంటికి అంటుకుని వదలదు. పైట బొడ్లో దోపుకోవాలి. పాకం కాచేటప్పుడు నైలాన్ చీర కంటే నూలు చీర మేలు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. పొరపాటున చెయ్యి కాలితే వెంటనే చల్లటి నీళ్ళ ధార కింద పెట్టాలి. కొళాయి కింద గాని, చెంబుతో పోస్తూ గాని 20 నిమిషాలు అలాగే ఉంచాలి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసెయ్యాలి. పేస్టు, ఇంకు, పసుపు, నూనె ఏవీ రాయకూడదు. బొబ్బ చిదపకూడదు. కాలిన చోటు అరచెయ్యి కంటే పెద్దదైనా, ముఖం మీద కాలినా ఆసుపత్రికి పోవాలి.

నువ్వుల ఉండలు, పల్లీపట్టీ

అర కిలో నువ్వులకు 400 గ్రాముల బెల్లం. నువ్వులు సన్నటి సెగ మీద వేయించాలి. చిటపటమని, మంచి వాసన రాగానే దించాలి. నల్లబడితే చేదు. ఉండపాకం రాగానే నువ్వులు, ఏలకుల పొడి వేసి కలిపి దించాలి. చేతికి నెయ్యి గాని నీళ్ళు గాని రాసుకుని, గోరువెచ్చగా ఉండగానే ఉండలు కట్టాలి. చల్లారితే ఉండ కట్టదు. అలా చల్లారితే పారెయ్యక్కర్లేదు. గిన్నెను మళ్ళీ సన్నటి సెగ మీద ఒక నిమిషం పెడితే మెత్తబడుతుంది.

పల్లీపట్టీకి పాకం ముదరాలి. వేయించి పొట్టు తీసిన పల్లీలు వేసి, నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, అప్పడాల కర్రతో ఒత్తి, వెచ్చగా ఉండగానే కత్తితో గాట్లు పెట్టాలి.

పల్లీల విషయంలో కళ్ళు పెట్టి ఏరాలి. బూజు పట్టినవి, నల్లబడినవి, పచ్చటి మచ్చ ఉన్నవి, ముడతలు పడి చేదుగా ఉన్నవి తీసి పారెయ్యాలి. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. అది కాలేయాన్ని పాడు చేస్తుంది. వేయించినంత మాత్రాన ఆ విషం పోదు. "నాలుగు గింజలే కదా, బెల్లంలో కలిస్తే తెలీదు" అనుకోకూడదు. చిన్నపిల్లలకు పల్లీ గింజలు గింజలుగా పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. వాళ్ళకు పొడి చేసి కలిపి పెట్టాలి.

అరిసెలు

అరిసెల పని ఒక్కరి వల్ల కాదు. అమ్మలక్కలు నలుగురు కలిసి ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో వండుకునే అలవాటు అందుకే వచ్చింది. సంక్రాంతికి హిందువులు వండుతారు. క్రిస్మస్‌కు క్రైస్తవుల ఇళ్ళల్లోనూ అరిసెలు ఉంటాయి, వాటితో పాటు గులాబీ పువ్వులు కూడా.

కిలో బియ్యం తీసుకుంటే ముప్పావు కిలో బెల్లం కావాలి. సన్నబియ్యమే కావాలని లేదు. దొడ్డు బియ్యంతో అరిసె బాగానే వస్తుంది. బియ్యం ఒక రాత్రి, ఒక పగలు నానాలి. మధ్యలో రెండు మూడుసార్లు నీళ్ళు మార్చాలి, లేకపోతే పులుపు వాసన వస్తుంది. తరవాత నీళ్ళు వార్చి, గుడ్డ మీద నీడన కాసేపు ఆరబెట్టాలి. పూర్తిగా ఎండకూడదు. చేత్తో పట్టుకుంటే తడి తెలియాలి, నీళ్ళు కారకూడదు. అప్పుడు దంచి జల్లించాలి. పండగ రోజుల్లో కొన్ని ఊళ్ళల్లో తడిబియ్యం ఆడే మరలు కూడా ఉంటాయి. పిండిని గిన్నెలో అదిమి, పైన తడిగుడ్డ కప్పాలి. పిండి తడి ఆరితే అరిసె గట్టిపడుతుంది. పిండి తడిగా ఎందుకుండాలో పాకం సంగతి తెలిసినవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. పాకంలో తగ్గిన నీళ్ళను పిండి తడి సర్దుతుంది. ఎండు పిండి వేస్తే అది పాకంలో ఉన్న కాస్త నీళ్ళనూ పీల్చేస్తుంది.

ఉండపాకం రాగానే దించి, నెయ్యి, ఏలకుల పొడి వెయ్యాలి. ఒకరు పిండి కొద్దికొద్దిగా పోస్తుంటే ఇంకొకరు ఆగకుండా కలపాలి. ఉండలు కట్టకుండా జారుడు ముద్దలా రావాలి. ఆరితే ఇంకొంచెం గట్టిపడుతుంది. అందుకని మొదట్లోనే గట్టిగా కలపకూడదు.

వెంటనే అన్నీ వత్తకూడదు. ఒకటి చేసి నూనెలో వేసి చూడాలి. విచ్చిపోతే పాకం లేతది. ముద్దలో ఇంకొంచెం తడిపిండి కలపాలి. అందుకే రెండు గుప్పెళ్ళ పిండి మొదటే దాచి ఉంచుతారు. అరిసె గట్టిగా వస్తే పాకం ముదిరింది. ముద్దలో రెండు చెంచాల గోరువెచ్చటి పాలు కలిపి పిసికితే కొంత సర్దుకుంటుంది.

అరటాకు మీద నూనె రాసి, నిమ్మకాయంత ముద్ద పెట్టి వేళ్ళతో వత్తాలి. పైన నువ్వులు అద్దాలి. ప్లాస్టిక్ కవరు మీద వత్తడం మంచిది కాదు. వేడి ముద్ద, నూనె, పల్చటి ప్లాస్టిక్ కలవకూడదు. అరటాకు లేకపోతే తడిగుడ్డ ఉంది. మంట మధ్యస్థంగా ఉంచి, రెండు వైపులా ఎర్రగా కాల్చి, తీసి, రెండు చెక్కల మధ్య పెట్టి నొక్కాలి. నూనె కారిపోతుంది. చెక్కలు లేనివాళ్ళు రెండు చిల్లుల గరిటెల మధ్య నొక్కుతారు.

మిగిలిన నూనె వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరలకు వాడెయ్యాలి. నల్లబడి, చిక్కబడి, నురగ వచ్చే నూనెను మళ్ళీ మళ్ళీ కాచకూడదు. కొట్టు తీపిలో ఏ నూనె వాడారో కొనేవాళ్ళకు తెలియదు.

బెల్లం రంగు, నువ్వుల బలం

అంగట్లో పసుపుపచ్చగా మెరిసే బెల్లం ముందు పెడతారు. నల్లబెల్లం వెనక ఉంటుంది. చాలామంది మెరిసేదే కొంటారు. ఆ మెరుపు కోసం బెల్లం కాచేటప్పుడు కొందరు హైడ్రోస్ అనే మందు వేస్తారు. దాంతో రంగు తేలుతుంది, రుచి పెరగదు. పండగ తీపికి కాస్త ముదురు రంగు బెల్లమే నయం. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్ద మార్కెట్లలో ఒకటి. అక్కడ కూడా రంగును బట్టే ధర పలుకుతుంది.

నువ్వుల్లో సున్నం అంటే కాల్షియం బాగా ఉంటుంది. పొట్టుతో ఉన్న 100 గ్రాముల నువ్వుల్లో 1000 మిల్లీగ్రాములకు పైగానే ఉంటుంది. 100 మిల్లీలీటర్ల పాలలో సుమారు 120. అయితే నువ్వుల్లోని కాల్షియం అంతా ఒంటికి పట్టదు, కొంతే పడుతుంది. పొట్టు తీసిన తెల్ల నువ్వుల్లో ఇది బాగా తగ్గిపోతుంది.

ఆడపిల్ల పెద్దమనిషి అయితే చాలా ఊళ్ళల్లో చిమ్మిలి పెడతారు. బలానికని పెడతారు. అదే పిల్ల పెళ్ళయి గర్భిణి అయితే నువ్వులు ముట్టనివ్వరు, గర్భం పోతుందంటారు. పండగ పూట ఒకటి రెండు ఉండలు తింటే గర్భం పోతుందనడానికి ఆధారం లేదు. అనుమానం ఉన్నవాళ్ళు ఊళ్ళోకి వచ్చే ఏ.ఎన్.ఎం.ని అడగవచ్చు.

బెల్లం తింటే రక్తం పడుతుందని ఇంకో మాట ఉంది. ఇది కొంతవరకే నిజం. బెల్లంలో ఇనుము ఉంది గాని కొంచెమే. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ప్రతి 100 మందికి 57 మందికి రక్తం తక్కువని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. బెల్లం ముక్కతో పోయే లోటు కాదది. ఆకుకూర, పప్పు, గుడ్డు, మాంసం తినాలి. ఉసిరి, నిమ్మ, జామ తింటే ఇనుము బాగా ఒంటికి పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే సరిగా పట్టదు. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తారు. 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే, గర్భిణికి 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క. ఇనుము మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. గర్భిణి 180 రోజులు వేసుకోవాలి.

షుగరు జబ్బు ఉన్నవాళ్ళు "ఇది చక్కెర కాదు, బెల్లమే" అని తింటూ ఉంటారు. రక్తంలో చక్కెర బెల్లంతోనూ పెరుగుతుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. వండిన మనిషి చివర తింటుంది. విరిగిన అరిసె, అడుగంటిన ముక్క ఆమెకు మిగులుతాయి. రక్తం తక్కువైనది ఆమెకే. ఉండలు కట్టేటప్పుడే ఇంట్లో మనుషుల లెక్కన పంచి, తన వాటా తీసి పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

లెక్క రాస్తే

నువ్వులు కిలో 200 రూపాయలు, బెల్లం కిలో 60 రూపాయలు అనుకుందాం. ధర ఊరిని బట్టి మారుతుంది. అర కిలో నువ్వులకు 100. 400 గ్రాముల బెల్లానికి 24. నెయ్యి, ఏలకులు, పొయ్యి ఖర్చు 16. మొత్తం 140 రూపాయలు. నిమ్మకాయ కంటే చిన్నవి కడితే 40 ఉండలు అవుతాయి. ఒక్కో ఉండకు మూడున్నర రూపాయలు పడింది. కొట్టు ధర పక్కన రాసి చూసుకోవచ్చు.

ఈ లెక్కలో ఒకటి రాయలేదు. కూలి. ఇంట్లో చేసిన పనికి కూలి ఎవరూ వెయ్యరు. అమ్మేటప్పుడు మాత్రం తప్పక వెయ్యాలి. పొదుపు సంఘాల ఆడవాళ్ళు కొందరు పండగకు అరిసెలు, ఉండలు వండి అమ్ముతున్నారు. సరుకు ఖర్చు మాత్రం చూసి ధర పెడితే రెండు రోజుల కష్టం ఊరికే పోతుంది. అమ్మేవాళ్ళు ఆహార భద్రతా శాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి కూడా. ఆత్రేయపురంలో పూతరేకులు ఎన్నో ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేతి పని. తిరగేసిన కుండ మీద పల్చటి బియ్యపు పాల రేకు తీస్తారు. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కొట్లో పొట్లం కొన్నా చదవవలసినవి ఉన్నాయి. తయారు చేసిన తేదీ, ఎప్పటిలోగా తినాలి, ఎంత బరువు, 14 అంకెల లైసెన్సు నంబరు. తేదీ లేని పొట్లం, తేదీ మీద ఇంకో చీటీ అంటించిన పొట్లం తీసుకోకూడదు.

కొలతలు కూడా రాసి పెట్టుకోవాలి. "గుప్పెడు", "కాసింత", "చూసి వెయ్యి" అనే కొలతలు చెప్పిన మనిషి చేతితోనే పోతాయి. అమ్మ గుప్పెడు వేరు, కూతురి గుప్పెడు వేరు. అమ్మ వండుతుండగానే ఆమె వేసే గుప్పెడు గ్లాసులో పోసి కొలిచి రాయాలి. బియ్యం ఎన్ని గ్లాసులు, బెల్లం ఎంత, ఎన్ని అయ్యాయి, ఎలా వచ్చాయి. పాకం లేతబడితే అది కూడా రాయాలి. మరుసటి ఏడు పనికొస్తుంది.

పూర్తిగా చల్లారాకనే డబ్బాలో పెట్టాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి పట్టి బూజు వస్తుంది. తడి చెయ్యి పెట్టకూడదు. నూనె బాగా నొక్కిన అరిసెలు రెండు మూడు వారాలు ఉంటాయి. నువ్వుల ఉండలు కూడా అంతే. సత్తుపిండి వారం రోజులు. మలీద ఒకటి రెండు రోజులు. డబ్బా మీద చిన్న కాగితం అంటించి, వండిన తేదీ రాస్తే ఏది ముందు తినాలో ఇంట్లో అందరికీ తెలుస్తుంది.